వినీల రకం ఓడలు ఏడు, తాడు ఒకటి

వినీల రకం యుద్ధ ఓడంటే ముప్పై రెండడుగుల ఫైబర్ పడవ. మనుషులు ఆరుగురు, ఇంజను ఒకటి, గాలి నింపిన లారీ ట్యూబులు నలభై, లంగరు ఒకటి, సీసపు గుండ్లు రెండు బుట్టలు, ఎండుచేపలు ఒక బుట్ట. అట్టాంటివి మొత్తం ఏడు తయారైనాయి. ఏడూ మైపాడు పక్కన మా పాళెంలోవే. నాలుగు తిరిగొచ్చినాయి. మిగతా మూడూ ఏమైనాయో చెప్తా. ఒకదాన్నయితే విడవలూరు పోతే మీరే చూడొచ్చు.

నా పేరు గిద్యోను. పడవకి బొక్క పడితే అతికేది నా పని. బడికి పోనోణ్ణి కాబట్టి పుస్తకంలో ఉండేది చెప్పే అలవాటు లేదు, చూసిందే చెప్తా.

ఈ ఏడాది వేట నిషేధం పెట్టినప్పటి సంగతిది. ఏప్రిల్ నడిమి నుంచి అరవై ఒక్క దినాలు, చేపలు గుడ్లు పెట్టే కాలమని, ఇంజను పడవలు సముద్రంలోకి పోకూడదు. పడవలన్నీ ఒడ్డుకి లాగి, ఇంజన్లు ఇప్పేసి, షెడ్డు కింద వలలు బాగుచేసుకుంటా కూర్చోనుండాం. అప్పుడు మొదలుపెట్టినాడు చందమామ దూరం జరగడం. పున్నమి నాడు పళ్ళెమంత రావాల్సినోడు నిమ్మకాయంత వచ్చినాడు. టౌనులో వాళ్ళకేం తెలస్తాది, వీధిలైట్లు వెలిగితే చాలు వాళ్ళకి. మాకు కాలవలో తెలిసింది. పోటు రాలా. నీళ్ళు ముడుచుకొని పోయినాయి, పీతలు బురదలో నిలబడి మా వంక చూస్తాండాయి, ఏందయ్యా ఇది అన్నట్టు.

ఎవరి పనో కనిపెట్టింది హుస్సేన్ సాహెబ్. ఆయన నెల్లూరులో లారీలకి టార్పాలిన్లు కుట్టే పెద్దాయన. నెలనెలా నెలవంక చూడడానికి మా ఒడ్డుకి వస్తాడు, ఇక్కడైతే మేడలు అడ్డం రావు గదా. డెబ్భై ఏళ్ళొచ్చినా మునిమాపు వేళ సూదిలో దారం ఎక్కించే కన్ను ఆయనది. ఆ పున్నమి నాడు మేము కబురు పెడితే వచ్చి, చెయ్యి అడ్డం పెట్టుకొని చూసి, చందమామ చుట్టూ వల ఉండాది గిద్యోనూ, దాని కన్నులు మరీ సన్నం అన్నాడు. వల పట్టుకొని లాగేది బృహస్పతి గ్రహమోళ్ళు. వాళ్ళ ఓడ ముక్కు మైపాడులో పెడితే తోక నెల్లూరు బస్టాండులో ఉంటాది, అంత పొడుగు. తొంభై చిల్లర చందమామల్ని ఇంటి చుట్టూ తిప్పుకుంటా, మాకుండే ఒక్కదాని మీద కన్నేసినారు. ఉన్నోడికే ఆకలెక్కువ.

మా పాళెంలో పెంచలప్రసాద్ అన్నకి ఒక పడవుండాది. దాని పేరు వినీల. కూతురు పుట్టినప్పుడు పెట్టిన పేరు, పడవ మారినా పేరు మార్చలా. ఆ కూతురికిప్పుడు ఇరవై ఎనిమిదేళ్ళు. తాడు లాగాలన్నా, ఇంజను ఇప్పి బిగించాలన్నా ఆ పిల్ల తర్వాతే ఎవురైనా. కానీ ఆడకూతురు పడవెక్కి వేటకి పోయే ఆనవాయితీ మా కాడ లేదు. అన్నకి మోకాళ్ళు పోయినాయి, మగబిడ్డ లేడు. నిషేధం ఎత్తేసిన పొద్దున్నే పడవ అమ్మేస్తానని, కొనేవాణ్ణి కూడా చూసి పెట్టుకున్నాడు.

ఒక పొద్దు పాళెం పెద్దలు నలుగురూ షెడ్డు కింద ఉండంగా వినీల వచ్చింది. పడవ అమ్మొద్దు, చుక్కాని నాకియ్యి అని అడిగింది. ఆయన వల కన్నుల్లోకి చూస్తా కూర్చున్నాడు గానీ తలెత్తలా.

"పేరు నాది పెట్టినావు. కాలు మాత్రం పెట్టనీవా నాయనా?"

అన్న వల పక్కన పెట్టినాడు. జవాబు తోచనప్పుడు మనిషి ఎగతాళికి దిగుతాడు గదా.

"పోయే చందమామని తెచ్చి యథాప్రకారం కూర్చోబెట్టు. అప్పుడు చుక్కాని నీది."

అందరూ నవ్వినారు. నేనూ నవ్వినా, అబద్ధం ఎందుకు. వినీల మాత్రం నవ్వలా. పెద్దల వైపు తిరిగి, విన్నారు గదా అనింది. నవ్వు ఆగిపోయింది. పెద్దల ముందు అన్న మాట మా పాళెంలో వలలో పడిన చేప మాదిరి, వెనక్కి పోయే దారుండదు.

ఆ షెడ్డు స్తంభానికే నిషేధం కాగితం అతికించుండారు. వినీల దాని ముందు నిలబడి మొదట్నుంచి చివరిదాకా చదివింది. సముద్రంలోకి పోకూడదు అని మూడు చోట్ల ఉండాది, ఆకాశంలోకి పోకూడదని ఒక్క చోటా లేదు. ఆడోళ్ళ సంగతీ అంతే. సముద్రానికి పోకూడదని ముత్తాతలు అన్నారు. ఆకాశానికి పోకూడదని ఏ ముత్తాతా అనలా. వాళ్ళకి తోచుండదు, అది వాళ్ళ తప్పు.

ఎట్ట ఎగిరినారు అంటారు మీరు. దక్షిణాన శ్రీహరికోట కాడ రాకెట్టు లేచిందంటే మా ఒడ్డుకి కనబడతాది. పుట్టినప్పట్నుంచీ చూస్తాండాం. అన్నిసార్లు చూసినాక కూడా ఎగరడం తెలియకపోతే మా కళ్ళు ఎందుకు? అడుగున మంట, పైన మొండితనం, అంతే. ఇంజను వెనక తగిలించేది ఇప్పి కింద తగిలించినాం. పైన టార్పాలిన్ హుస్సేన్ సాహెబ్ కుట్టినాడు, రెండు వరసల కుట్టు, దారానికి మైనం రుద్ది. అతుకులన్నీ నేను వేసినా. నీళ్ళు లోపలికి రాకుండా ముప్పై ఏళ్ళు అతికినోడికి, గాలి బయటికి పోకుండా అతకడం ఒక పనా? గాలి చిల్లకూరు కాడ హైవే మీద టైర్ల షాపులో పట్టించుకొచ్చినాం, నలభై ట్యూబుల్లో. ఊపిరాడకపోతే ఒక ట్యూబు మూత ఇప్పడమే. రవ్వంత రబ్బరు వాసన వస్తాది, అలవాటు చేసుకోవాల.

ఒకటి తయారయ్యేసరికి ఇంకో ఆరు పడవలోళ్ళు మేమూ వస్తామన్నారు. కాలవలో వేట లేక వాళ్ళ కడుపులూ కాలుతాండాయి. యుద్ధ ఓడల్లో మొదటిదాని పేరే ఆ రకానికంతా పెడతారంట. అట్ట ఏడూ వినీల రకం అయినాయి. అన్న ఆ మాట విని, నా కూతురు పేరు ఏడు పడవలకా అని మొహం పక్కకి తిప్పుకున్నాడు. మీసం మాత్రం ఒక పక్కకి లేచింది, నేను చూసినా.

మే నెల మొదటి వారం, ఎండ నడినెత్తిన ఉండంగా లేచినాం. ముందు ఓడలో వినీల చుక్కాని కాడ, నేను ముక్కు మీద, హుస్సేన్ సాహెబ్ సూదీ దారంతో టార్పాలిన్ కింద. రాకెట్లు పోయే దారి వాళ్ళది, మర్యాదగా ఎడంపక్కకి జరిగి పోయినాం. సముద్రంలో ఒడ్డున రెండు గురుతులు ఒక వరసలో పెట్టుకొని దారి చూసుకుంటాం గదా, ఆడ కూడా అదే. పెన్న కలిసే చోటు, పులికాట్ సరస్సు, రెండూ ఒక వరసకి తెచ్చుకొని తోక అటు పెట్టినాం. ముక్కు తిన్నగా చందమామకే తిరిగింది.

ఆ మర్నాడు ఒడ్డున పడవలు లెక్కపెట్టే ఆఫీసరు వచ్చినాడంట. ఏడు తక్కువుండాయి, యాడికి పోయినాయని అన్నని అడిగినాడంట. అన్న వేలు పైకి చూపించినాడు. ఆఫీసరు పైకి చూసినాడు, అన్న మొహం చూసినాడు, మరమ్మతుకి పోయినాయని రాసుకొని టీ తాగి పోయినాడు.

మొదటి యుద్ధం పూర్తిగా మేమే ఓడిపోయినాం. దగ్గరికి పోయి సీసపు గుండ్లు ఇసిరినాం, రెండు బుట్టలూ అయిపోయేదాకా. బృహస్పతోళ్ళ ఓడకి దోమ కుట్టినట్టు కూడా అనిపించలా. మధ్యలో ఒకసారి దురదేసిందేమో, కొక్కెంతో గోక్కునింది. ఆ కొక్కెం తగిలి మా మూడో ఓడ గింగిరాలు తిరుగుతా పోయి విడవలూరు కాడ కోతైపోయిన మడిలో పడింది. ఆరుగురూ మట్టి దులుపుకొని ఆటో ఎక్కి ఇంటికి పోయినారు. ఓడ ఆడే ఉండాది, ఆ రైతు దాంట్లో గేదెలకి కుడితి పోస్తాండాడు. యుద్ధ ఓడలో కుడితి తాగే గేదెలు ఈ జిల్లాలో ఆయన కాడే ఉండాయి.

రెండో యుద్ధంలో ఎండుచేపలు ప్రయోగించినాం. టౌను బస్సులో ఎండుచేపల గంప ఎక్కిస్తే కండక్టరు దిగి పారిపోతాడు గదా, అదే ఎత్తు. గంపలు గంపలు ఇసిరినాం. బృహస్పతోళ్ళు ముక్కు మూసుకోలా సరికదా, నోరు తెరిచినారు. అంత రుచి వాళ్ళు ఎరగరు పాపం. ఇంకా కావాలని కొక్కేలు చాపి మా అయిదో ఓడనీ ఆరో ఓడనీ మనుషులతో సహా లోపలికి ఎత్తుకొని పోయినారు. ఆ పన్నెండు మందీ బాగానే ఉండారు. ఆడ ఎండుచేపల పులుసు వండిపెడతా రాజుల మాదిరి ఉండారు, పండక్కి రమ్మంటే తీరిక లేదంటారు.

ఇంక నాలుగు ఓడలు, ఇరవై నాలుగు మందిమి. గుండ్లు లేవు, ఎండుచేపలు లేవు. చందమామ దినదినానికీ చిన్నోడైపోతాండాడు. కొందరు వెనక్కి పోదామన్నారు. అరవై ఒక్క దినాలు దాటినాక ఒడ్డున పడవ లేకపోతే వేట పోతాదని వాళ్ళ భయం. వినీల అందరి పడవల్లో ఉండే వలలూ తాళ్ళూ అన్నీ ముడేయమనింది. కొట్టలేకపోతే లాగుదాం, లాగడం మనకంటే ఎవరికి బాగా తెలుసు అనింది.

లాగడమంటే అలివి వల. ఒక కొస ఒడ్డున ఉంచి, పడవలో పోయి వలని నీళ్ళలో చుట్టు తిప్పి, రెండో కొస ఒడ్డుకి తెచ్చి రెండు పక్కలా తాళ్ళు పట్టుకొని లాగేది. ఇరవై ముప్పై మంది ఉంటేగాని రాదు. చాలకపోతే దారిన పోయేవాళ్ళని కేకేస్తాం. బస్సు కండక్టరు కానీ, చూడను వచ్చిన చుట్టం కానీ, కొత్త పెళ్ళికొడుకు కానీ, ఒక చెయ్యెయ్యమంటాం. చెయ్యేసినోడికి చేపల్లో వాటా. యా ఊరు, ఏం కులం, మనోడా కాదా అని అడిగేది లేదు. వాటా పంచేదాకా వాళ్ళూ మేమూ ఒక తాడు మనుషులం. తాడు మీద చెయ్యుండంగా తగువులాడిన మనిషి మా పాళెంలో ఇంతవరకు లేడు.

వల తిప్పినాం. చందమామకి అవతలి పక్క వాళ్ళ వల, ఇవతలి పక్క మా వల. నాలుగు ఓడల ఇంజన్లు ఎర్రగా కాలేదాకా లాగినాం, చేతులు బొబ్బలెక్కేదాకా లాగినాం. రవ్వంత కూడా కదల్లా. పైగా మేమే వాళ్ళ వైపు జారిపోతాండాం. చందమామ మీద బృహస్పతోళ్ళ సిపాయిలు వరసగా నిలబడి మమ్మల్ని చూసి నవ్వుకుంటాండారు. నాలుగు చేతులుండాయి ఒక్కొక్కరికి, నాలుగూ నడుం మీద పెట్టుకొని నిలబడుండారు.

అప్పుడు తప్పు జరిగిపోయింది. చేసింది నేనే. నలభై ఏళ్ళ అలవాటు, నోరు ఊరుకోదు గదా. తాడు లాగేటప్పుడు ఎదురుగా చేతులు ఖాళీగా ఎవుడన్నా నిలబడితే నాకు ఒళ్ళు మండుతాది.

"ఏం చూస్తాండారయ్యా, వచ్చి ఒక చెయ్యెయ్యండి" అని కేకేసినా.

ఆడ గాలి లేదు, కేక వినబడదు అనేవాళ్ళు ఉండారు. ఇంజను మోతలో, అలల హోరులో, ఎదురు గాలిలో వినబడే కేక మాది. గాలి లేకపోతే ఇంకా నిమ్మళంగా పోతాది.

వినీల నా వైపు చూసిన చూపుకి నా నెత్తురు సగం ఆవిరైపోయింది.

"మామా, వాళ్ళ మీదికి గదా మనం యుద్ధానికి వచ్చింది."

అలవాటు పాపా, అన్నా. ఇంకేమనేది. హుస్సేన్ సాహెబ్ టార్పాలిన్ లోంచి తల బయటికి పెట్టి, పిలిచింది పిలిచినావు, వాటా సంగతి కూడా చెప్పు, లేకపోతే మోసం చేసినట్టు అన్నాడు. ఆయనకి మా పద్ధతులన్నీ మాకంటే బాగా తెలుసు. సరేనని వాటా కూడా చెప్పినా, చేతులతో. బాస రానోళ్ళతో మాట్లాడడం మాకు కొత్త కాదు.

వాళ్ళలో ఒక ముసలాయన ఉండాడు. నాలుగు చేతుల్లో ఒకటి పనిచెయ్యదు, యాడో దెబ్బ తగిలినట్టుండాది. ఆయన పక్కనోళ్ళని తోసుకొని ముందుకొచ్చి, మిగతా మూడు చేతుల్లో ఉమ్మేసుకొని, తాడు పట్టుకున్నాడు. పట్టిన తీరు చూస్తేనే తెలిసింది, ఆయన లాగేవాడే. సిపాయి కాకముందు ఆయనకీ ఒక ఒడ్డుండేదేమో. ఆయన పట్టేసరికి ఇంకొకడొచ్చినాడు. ఆ తర్వాత వరసంతా వచ్చింది. ఊరికే నిలబడే ఉద్యోగం ఎంతకాలం చేస్తారు పాపం. నాలుగు చేతులోళ్ళు మూడు వందల మంది ఒక తాడు పట్టినారంటే చూడాల ఆ లాగుడు. నేను లాగుడు పాట ఎత్తుకుంటే మాట రాకపోయినా ఊపుకి ఊపు కలిపినారు. చందమామ కిర్రుమనింది. జానెడు వచ్చినాడు. మూరెడు వచ్చినాడు.

పెద్ద ఓడలోంచి వాళ్ళ నాయకుడు చూసినాడు. తాడు తెంచమని హుకుం వేసినాడు. తెంచాలంటే ఎవరు తెంచాల? కత్తులుండేది ఆ సిపాయిల కాడే, వాటా ఉండేదీ వాళ్ళకే. ముసలాయన తాడు వదలకుండానే వెనక్కి తిరిగి ఒక మాటన్నాడు. వాళ్ళ బాస నాకు రాదు గానీ ఆ మాట నాకు అర్థమైంది, తాడు పట్టినోడు ఎవడైనా అదే అంటాడు.

"నా చెయ్యి దీని మీదుండాది దొరా."

నాయకుడు ఎంత అరిచినా ఒక్కడూ కత్తి తియ్యలా. వాళ్ళ వల పటపటా తెగిపోయింది. మళ్ళీ రెండు గురుతులూ వరసకి వచ్చేదాకా లాగి, చందమామని పాత జాగాలో కూర్చోబెట్టినాం. ఆ దెబ్బకి ఆ పెద్ద ఓడ ఎట్ట తిరిగిందంటే, తోక ఎటో ముక్కు ఎటో తెలుసుకోవడానికి వాళ్ళకి వారం పట్టిందంట.

ఇంక వాటా. మావాళ్ళు కొందరు గొణిగినారు. శత్రువులకి వాటా ఏంది, గమ్మున ఇంజన్లు తిప్పుకొని పోదామన్నారు. ఆ ముసలాయనేమో మూడు బారల దూరంలో నిలబడి, అడగకుండా, చేతులు తుడుచుకుంటా ఉండాడు. వినీల చుక్కాని కాడ్నుంచి లేచింది.

"చెయ్యేసినోడికి వాటా. మైపాడులో ఒక న్యాయం, ఆకాశంలో ఒక న్యాయం ఉండదు."

పట్టింది ఒక్కటే, దాన్ని కోసి పంచితే ఎవరికీ పనికిరాదు. అందుకని దినాలు పంచినాం. నెలలో ఒక దినం చందమామ వాళ్ళది, మిగతా దినాలు మనవి. వాళ్ళ దినం అమావాస్య అని ఒప్పుకున్నారు. అంతకుముందు కూడా అమావాస్య ఉండేది గదా అని మీరు అంటారు. ఉండేది. అప్పుడు ఊరికే పోయేవాడు, ఇప్పుడు పని మీద పోతాండాడు.

జూన్ పదిహేను తెల్లారేసరికి మా ఒడ్డున దిగినాం. నిషేధం ముందు రాత్రికే అయిపోయింది, పాళెమంతా పడవలు దించడానికి ఒడ్డునే ఉండాది. పెంచలప్రసాద్ అన్న చేతికర్ర పట్టుకొని నిలబడుండాడు. పక్కనే పడవ కొనేవాడు, బైకు ఇసకలో స్టాండేసుకొని. పెద్దలు నలుగురూ ఉండారు. అన్న కూతుర్ని కిందికీ పైకీ చూసుకున్నాడు, దెబ్బలేం లేవని. కళ్ళు తుడుచుకొని, తర్వాత మాట గట్టిగా చేసుకొని, చందమామ యాడ అని అడిగినాడు.

అందరూ పైకి చూసినారు. లేడు. ముందు రాత్రంతా కూడా లేడంట, చుక్కలే ఉండాయంట. వేళ్ళ మీద లెక్కేసుకున్నా. ఆ పొద్దు అమావాస్య. సరిగ్గా వాళ్ళ వాటా దినానికే మేము దిగినాం. కొనేవాడు గొంతు సవరించుకొని, ఇంక పని కానిద్దామా పెద్దాయనా అన్నాడు. వాటా సంగతి నేను చెప్పబోతే పెద్దల్లో ఒకాయన, నువ్వు నోరు మూసుకో గిద్యోనూ, నువ్వు చెప్తే నిజం కూడా నమ్మబుద్ధి కాదు అన్నాడు.

వినీల పడవ అంచు మీద కూర్చొని, ఇంజను కిందనుంచి ఇప్పి మళ్ళీ వెనక బిగించుకుంటా ఉండాది. చివరి బోల్టు బిగించి అప్పుడు అనింది.

"పైకెందుకు నాయనా చూస్తావు. కిందికి చూడు."

నీళ్ళు వచ్చినాయి. రెండు నెలలుగా కాలవలోకి రాని పోటు, ఇసక మీద చప్పుడు లేకుండా పాక్కుంటా, పాత నురుగు గీత దాటి, లంగర్లు దాటి, షెడ్డు దారి పట్టింది. కొనేవాడి బైకు చక్రం సగం మునిగింది. ఒక పీత అన్న పాదం ఎక్కి, అటూ ఇటూ చూసి, తన దారిన తాను పోయింది. అమావాస్య పోటు ఎంత పెద్దదో మాకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. చందమామ ఉండే చోట లేకపోతే ఆ నీళ్ళు రావు, అది కూడా ఒకరు చెప్పాల్సిన పని లేదు.

అన్న చేతికర్ర ఆ నీళ్ళలో దించి లోతు చూసుకున్నాడు. సముద్రంలో నలభై ఏళ్ళు తిరిగిన మనిషి, నీళ్ళతో అబద్ధం ఆడలేడు.

"ఆడే ఉండాడు," అన్నాడు.

పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకాయన ఆనవాయితీ గురించి ఏదో ఎత్తుకోబోయినాడు గానీ, మాట అన్నది మీ ముందే గదా అని హుస్సేన్ సాహెబ్ గుర్తుచేసినాడు. ఆయన ఎత్తుకున్నది దించేసినాడు.

వినీల చుక్కాని కాడ నిలబడింది. నేనూ ఇంకో నలుగురూ పడవకి భుజాలు ఆనించినాం. పడవ ఇసకలో కూరుకొని కదల్లా. వినీల తండ్రి వైపు చూసింది.

"ఏం నాయనా, అట్ట నిలబడే బదులు వచ్చి ఒక చెయ్యెయ్యకూడదా?"

అన్న చేతికర్ర పారేసి వచ్చినాడు. మోకాళ్ళు కలుక్కుమంటాండాయి, నాకు వినబడతాండాది, అయినా చెయ్యి తియ్యలా. బలం చాల్లేదని నేను అలవాటు చొప్పున ఇంకో కేకేస్తే, ఆ కొనేవాడు కూడా ప్యాంటు మడుచుకొని వచ్చి పట్టినాడు. పడవ నీళ్ళలోకి జారింది, వినీల ఇంజను తాడు లాగింది, అలకి అడ్డం పోకుండా ముక్కు తిన్నగా పెట్టి దాటించింది.

మధ్యాహ్నానికి తిరిగొచ్చినాం. చెయ్యేసినోళ్ళందరికీ వాటా పెట్టింది. అన్నకి ఒక వాటా, తాడు మనుషులందరికీ ఎంతో అంతే. కొనేవాడికి రెండు వంజరం చేపలు వచ్చినాయి. తడిసిన బైకు హ్యాండిల్‌కి తగిలించుకొని, పడవ మాట ఎత్తకుండా, మైపాడు రోడ్డెక్కి పోయినాడు.